స్క్రిప్టును షేర్డ్ లైబ్రరీగా మారిస్తే ఇంటర్‌ప్రెటర్ ఎక్కడికి పోతుంది?

నలభై లైన్ల పైథాన్ స్క్రిప్టు ఒకటి ఉంది. వాక్యం ఇస్తే శుభ్రం చేసి, దానికో స్కోరు చెబుతుంది. అదే పని ఇప్పుడు సీలో రాసిన సర్వర్‌కి కావాలి. పనిచేస్తున్న లాజిక్‌ని మళ్లీ సీలో రాయడానికి ఎవరికీ మనసొప్పదు. ‘‘దాన్నే .ఎస్‌ఓ ఫైలుగా కంపైల్ చేసి ఇచ్చేస్తే పోలా’’ అనే ఆలోచన అక్కడే పుడుతుంది. .ఎస్‌ఓ అంటే షేర్డ్ లైబ్రరీ, ఇతర ప్రోగ్రాములు లోడ్ చేసుకుని వాడుకునే కోడ్ ఫైలు. కంపైల్ చేస్తే ఫైలు వస్తుంది కూడా. తీరా సర్వర్ దాన్ని లోడ్ చెయ్యబోతే ‘అన్‌డిఫైన్డ్ సింబల్’ అని ఎర్రర్, అంటే దానికి కావాల్సిన ఏదో పేరు దొరకలేదని.

ఆ ఎర్రర్ చూడగానే చాలామంది కంపైలర్ ఆప్షన్లు మార్చి మార్చి చూస్తారు. చిక్కు చాలాసార్లు అక్కడ ఉండదు. పైథాన్ స్క్రిప్టు .ఎస్‌ఓ అయినంత మాత్రాన పైథాన్ అవసరం తీరిపోదు. పైథాన్ కోడ్‌ని నడిపే ఇంటర్‌ప్రెటర్ మొత్తం సర్వర్ ప్రాసెస్‌లోకి, దాని మెమరీలోకి, దాని త్రెడ్ల మధ్యకి వచ్చి కూర్చుంటుంది. ఇది ముందే తెలిస్తే మిగతా చిక్కుల్లో సగానికి కారణం తెలిసిపోయినట్టే.

ఒక మాట మొదటే చెప్పుకోవాలి. ఆ స్క్రిప్టుని రోజుకి నాలుగుసార్లు పిలిచే పనైతే ఇదంతా దండగ. విడి ప్రాసెస్‌గా నడిపి, స్టాండర్డ్ అవుట్‌పుట్ చదువుకుంటే చాలు. పైథాన్ మొదలవడానికి మామూలు మెషిన్ మీద పది ఇరవై మిల్లీసెకన్లు పడుతుంది. స్క్రిప్టు కూలిపోయినా సర్వర్ బతికే ఉంటుంది. సెకనుకి వందలు, వేలసార్లు పిలవాల్సి వచ్చినప్పుడు, లేదా లైబ్రరీని లోడ్ చేసుకునే హోస్ట్ ప్రోగ్రామ్ ‘నేను ప్లగిన్లని .ఎస్‌ఓ రూపంలోనే తీసుకుంటాను’ అని పట్టుబట్టినప్పుడు మాత్రమే లైబ్రరీ దారి పట్టాలి. ప్రాసెస్ మొదలుపెట్టే ఖర్చు ఒక్కసారితో పోయి, ఆ తర్వాత ఒక్కో పిలుపు మైక్రోసెకన్ల లెక్కకి దిగుతుంది.

పేరు, అడ్రసు తప్ప ఇంకేమీ లేదు

లినక్స్‌లో షేర్డ్ లైబ్రరీ అంటే ఎల్ఫ్ ఫార్మాట్‌లో ఉన్న ఫైలు. అందులో మెషిన్ కోడ్‌తో పాటు మనకి ముఖ్యమైనవి మూడు ఉంటాయి: బయటికి కనిపించే పేర్ల పట్టిక, తనకి కావాల్సిన ఇతర లైబ్రరీల జాబితా, లోడ్ అయ్యాక సరిచెయ్యాల్సిన అడ్రసుల చిట్టా. లైబ్రరీలని తెరిచే డీఎల్‌ఓపెన్ ఫంక్షన్‌ని హోస్ట్ పిలవగానే డైనమిక్ లోడర్ ఫైలుని మెమరీలోకి మ్యాప్ చేస్తుంది. జాబితాలో ఉన్న లైబ్రరీలని వెతికి తెస్తుంది. అడ్రసులు సరిచేస్తుంది. కన్‌స్ట్రక్టర్ ఫంక్షన్లు ఏమైనా ఉంటే నడుపుతుంది. ఆ తర్వాత హోస్ట్ డీఎల్‌సిమ్‌కి ఒక పేరు ఇస్తే ఒక అడ్రసు తిరిగొస్తుంది.

అంతే, అడ్రసొక్కటే. ఆ ఫంక్షన్‌కి ఎన్ని ఆర్గ్యుమెంట్లు, అవి ఏ టైపు, ఏం తిరిగిస్తుంది అన్న సమాచారం ఆ పట్టికలో ఎక్కడా ఉండదు. హోస్ట్ తన దగ్గరున్న డిక్లరేషన్‌ని నమ్మి పిలుస్తుంది. అది తప్పయితే చెప్పేవాడుండడు.

దీన్ని దగ్గరగా చూడాలంటే సీ లైబ్రరీలని పైథాన్ నుంచి పిలిచే సీటైప్స్ మాడ్యూలే మంచి ఉదాహరణ. ఒక సీ ఫంక్షన్ క్యారెక్టర్ పాయింటర్‌ని తిరిగిస్తుందనుకోండి. రెస్‌టైప్ (తిరిగొచ్చే విలువ టైపు) చెప్పకపోతే సీటైప్స్ దాన్ని ఇంట్ అనే అనుకుంటుంది. 64 బిట్ల పాయింటర్‌లో కింది 32 బిట్లే చేతికొస్తాయి. అడ్రసు చిన్నదైన రోజున అదృష్టవశాత్తూ పనిచేస్తుంది, ఇంకోరోజు సెగ్మెంటేషన్ ఫాల్ట్. ఫంక్షన్ డబుల్‌ని తిరిగిస్తే ఇంకా తమాషా. ఎక్స్86-64 లినక్స్‌లో ఇంటిజర్లు ఆర్‌ఏఎక్స్ రిజిస్టర్‌లో తిరిగొస్తాయి, ఫ్లోటింగ్ పాయింట్ విలువలు ఎక్స్‌ఎంఎం0లో వస్తాయి. సీటైప్స్ ఆర్‌ఏఎక్స్‌లో చూసి, అక్కడ అంతకుముందు మిగిలిన చెత్తని మనకిస్తుంది. క్రాష్ కాదు, ఎర్రర్ రాదు, తప్పు సంఖ్య మాత్రం వస్తుంది. క్రాష్ అయితే కనీసం తెలుస్తుంది కాబట్టి దానికన్నా ఇదే ప్రమాదం.

పేర్లలోనూ ఒక మెలిక ఉంది. సీలో ‘యాడ్’ అని రాస్తే పట్టికలోనూ యాడ్ అనే ఉంటుంది. సీ++లో రెండు ఇంట్‌లు తీసుకునే యాడ్, జీసీసీ కంపైలర్ చేతిలో ‘అండర్‌స్కోర్, జెడ్, 3, యాడ్, రెండు ఐలు’ అయిపోతుంది. 3 అనేది పేరులోని అక్షరాల లెక్క, ఒక్కో ఐ ఒక్కో ఇంట్. అందుకే పేరుని సీలోలాగే ఉంచమని చెప్పే ఎక్స్‌టర్న్ సీ రాయకపోతే డీఎల్‌సిమ్‌కి ఆ పేరు దొరకదు.

ఎక్స్‌టెన్షన్ ఒకటే, జాతులు రెండు

అసలు గందరగోళం ఇక్కడే. .ఎస్‌ఓ అని పేరున్న ప్రతి ఫైలూ ఎవరైనా వాడుకోదగ్గది కాదు. కొన్ని మామూలు సీ ఫంక్షన్లని బయటపెడతాయి, వాటిని ఏ ప్రోగ్రామైనా పిలవొచ్చు. ఇంకొన్ని ఒకే ఒక్క హోస్ట్ కోసం పుట్టినవి. ఆ హోస్ట్ ఎదురుచూసే ఒక ప్రత్యేకమైన పేరుతో ఒక్క ఫంక్షన్ పెట్టి, మిగతాదంతా ఆ హోస్ట్ ఏపీఐ మీదే నడిపిస్తాయి.

పైథాన్ కోడ్‌ని కంపైల్ చేసే సైథాన్‌తోనో, నూయిట్కా మాడ్యూల్ మోడ్‌తోనో స్క్రిప్టుని కంపైల్ చేస్తే వచ్చేది రెండో జాతి. అందులో ‘పైఇనిట్’, అండర్‌స్కోర్, ఆ తర్వాత మాడ్యూల్ పేరు అనే ఒక ఫంక్షన్ ఉంటుంది. దాన్ని పిలవాల్సింది పైథాన్ ఇంటర్‌ప్రెటర్. మీ స్క్రిప్టులో ‘స్కోర్’ అనే ఫంక్షన్ ఉన్నా అది పైథాన్ ఆబ్జెక్టుగానే ఉంటుంది, డీఎల్‌సిమ్‌కి దొరకదు. పైగా పైథాన్ 3.8 నుంచి యూనిక్స్ మీద ఇలాంటి మాడ్యూళ్లు లిబ్‌పైథాన్‌తో, అంటే ఇంటర్‌ప్రెటర్ ఉన్న లైబ్రరీతో, లింక్ అవ్వవు. లోడ్ చేసే ప్రోగ్రామ్ ఎటూ పైథానే కదా, ఆ సింబల్స్ అందులోనే ఉంటాయి కదా అన్నది అక్కడి లెక్క. సీ సర్వర్‌లో ఆ సింబల్స్ ఉండవు. మొదట్లో చెప్పిన అన్‌డిఫైన్డ్ సింబల్ ఎర్రర్ అందుకే వచ్చింది. ఆ ఫైలుని ఏ ఆప్షన్లతో తిరిగి లింక్ చేసినా ‘స్కోర్’ బయటికి రాదు.

లువా భాష అయితే ‘లువాఓపెన్’తో మొదలయ్యే పేరు కోసం చూస్తుంది, మాడ్యూల్ పేరులో చుక్క ఉంటే ఫంక్షన్ పేరులో అది అండర్‌స్కోర్ అవుతుంది. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఇంకొంచెం విచిత్రం. మొదట ‘ఎస్‌క్యూలైట్3 ఎక్స్‌టెన్షన్ ఇనిట్’ అనే పేరు వెతుకుతుంది. దొరక్కపోతే ఫైలు పేరు నుంచే ఒక పేరు తయారుచేసుకుంటుంది: ముందున్న ‘లిబ్’ తీసేసి, ఇంగ్లీషు అక్షరాలు తప్ప అంకెలూ గీతలూ అన్నీ వదిలేసి, మిగిలినదాన్ని చిన్న అక్షరాల్లోకి మార్చి వాడుతుంది. ఫైలు పేరు మార్చగానే నిన్నటిదాకా లోడైన ఎక్స్‌టెన్షన్ ఈరోజు లోడవ్వకపోవడానికి కారణం ఇదే కావచ్చు.

స్కీమ్ భాషకి ఉన్న చికెన్ కంపైలర్‌కి -ఎస్ ఇస్తే వచ్చే .ఎస్‌ఓని నడుస్తున్న చికెన్ ప్రోగ్రామే లోడ్ చేసుకోవాలి. మరో స్కీమ్ అయిన గైల్‌లో 2.2 నుంచి కంపైల్ చేసిన ఫైళ్లు ఎల్ఫ్ ఫార్మాట్‌లోనే ఉంటాయి, రీడ్ఎల్ఫ్ టూల్ వాటిని చక్కగా చదువుతుంది. అయినా లోపల ఉన్నది గైల్ వర్చువల్ మెషిన్ బైట్‌కోడ్. సీ ప్రోగ్రామ్‌కి దానితో నేరుగా పనేమీ లేదు.

కాబట్టి ఏ టూల్ వాడాలో తేల్చుకునే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ ఫైలుని లోడ్ చేసేదెవరు, వాళ్లు ఏ పేరు కోసం వెతుకుతారు?

పైథాన్ స్క్రిప్టుని సీ హోస్ట్‌కి అందించే దారి

సీని, పైథాన్‌ని కలిపే సీఎఫ్‌ఎఫ్‌ఐ లైబ్రరీలో 1.5 వెర్షన్ నుంచి ఎంబెడింగ్ సదుపాయం, అంటే పైథాన్‌ని వేరే ప్రోగ్రామ్ లోపల నడిపే వీలు, ఉంది. ఈ పనికి ఇదే తేలిక దారి. ఒక చిన్న బిల్డ్ స్క్రిప్టు రాయాలి. అందులో ఎఫ్‌ఎఫ్‌ఐ ఆబ్జెక్టు ఒకటి చేసుకుని నాలుగు మెథడ్లు పిలుస్తాం. ఎంబెడింగ్ ఏపీఐకి బయటికి కనిపించాల్సిన సీ ఫంక్షన్ల డిక్లరేషన్లు ఇస్తాం. సెట్ సోర్స్‌కి మాడ్యూల్ పేరూ, కావాల్సిన హెడర్లూ ఇస్తాం. ఎంబెడింగ్ ఇనిట్ కోడ్‌కి అసలు పైథాన్ కోడ్‌ని స్ట్రింగ్‌గా ఇస్తాం. చివరికి కంపైల్. టార్గెట్ పేరులో చుక్క తర్వాత నక్షత్రం గుర్తు పెడితే లినక్స్‌లో .ఎస్‌ఓ, విండోస్‌లో .డీఎల్‌ఎల్ అదే పెట్టుకుంటుంది.

ఇనిట్ కోడ్ లోపల, సెట్ సోర్స్‌లో పెట్టిన మాడ్యూల్ పేరు నుంచే ఎఫ్‌ఎఫ్‌ఐని ఇంపోర్ట్ చేసుకోవాలి. తర్వాత ప్రతి ఫంక్షన్ మీద డెఫ్ ఎక్స్‌టర్న్ డెకరేటర్ పెట్టాలి. ఆ నలభై లైన్ల లాజిక్‌ని ఆ స్ట్రింగ్‌లో దూర్చకపోవడమే మంచిది. దాన్ని మామూలు పైథాన్ మాడ్యూల్‌గానే ఉంచి, ఇనిట్ కోడ్‌లో ఇంపోర్ట్ చేస్తే హోస్ట్ లేకుండా విడిగా టెస్ట్ చేసుకోవచ్చు. డిప్లాయ్ చేసేటప్పుడు ఆ ఫైలు కూడా వెంట రావాలన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇలా తయారైన లైబ్రరీని సీ హోస్ట్ మామూలు లైబ్రరీలాగే చూస్తుంది. మొదటి ఫంక్షన్ కాల్ జరిగినప్పుడు లోపల పైథాన్ మొదలై, ఇనిట్ కోడ్ నడుస్తుంది. కాబట్టి మొదటి కాల్ నెమ్మదిగా ఉంటుంది, ఇంపోర్టులు బరువైతే బాగా నెమ్మదిగా ఉంటుంది. సర్వర్ మొదలవ్వగానే ఒక ఉత్తుత్తి కాల్ చేసి ఆ ఖర్చు ముందే తీర్చేసుకోవాలి. పైథాన్ కోడ్‌ని ఒకసారి ఒక త్రెడ్‌కే పరిమితం చేసే గిల్ లాక్‌ని పట్టుకోవడం, వదలడం జనరేట్ అయిన కోడే చూసుకుంటుంది. హోస్ట్ ఎనిమిది త్రెడ్ల నుంచి పిలిచినా మామూలు సీపైథాన్‌లో పైథాన్ కోడ్ ఒకసారి ఒక త్రెడ్‌లోనే నడుస్తుంది కాబట్టి, వేగం ఎనిమిది రెట్లవుతుందని ఆశ పెట్టుకోకూడదు. 3.13తో గిల్ లేని బిల్డ్ ప్రయోగాత్మకంగా వచ్చింది గానీ, మీరు ఇంపోర్ట్ చేసే మాడ్యూళ్లన్నీ దానికి సిద్ధంగా ఉన్నాయో లేదో విడిగా చూసుకోవాలి.

ఎక్సెప్షన్ల సంగతి సీఎఫ్‌ఎఫ్‌ఐలో అందరినీ బోల్తా కొట్టిస్తుంది. మీ ఫంక్షన్‌లో ఎక్సెప్షన్ వస్తే ట్రేస్‌బ్యాక్ స్టాండర్డ్ ఎర్రర్‌కి వెళ్తుంది, హోస్ట్‌కి సున్నా తిరిగెళ్తుంది. సున్నా అంటే ‘అంతా బాగుంది’ అని మీరు నిర్ణయించుకుని ఉంటే ప్రతి వైఫల్యమూ విజయంలాగే కనిపిస్తుంది. డెఫ్ ఎక్స్‌టర్న్‌కి ఎర్రర్ ఆర్గ్యుమెంట్‌గా మైనస్ 1 ఇస్తే ఈ గొడవ తీరుతుంది.

సైథాన్‌తోనూ చెయ్యొచ్చు. సీడెఫ్ పబ్లిక్ అని రాసిన ఫంక్షన్లకి అది హెడర్ ఫైలు కూడా తయారుచేస్తుంది. అయితే పైథాన్‌ని మొదలుపెట్టే పని మీదే. పైఇంపోర్ట్ అపెండ్ఇనిట్‌ట్యాబ్‌తో మాడ్యూల్‌ని నమోదు చేసి, ఇంటర్‌ప్రెటర్‌ని ఇనిషియలైజ్ చేసి, మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేశాకే ఆ ఫంక్షన్లని పిలవాలి. గిల్ కూడా మీరే చూసుకోవాలి. లింక్ ఆప్షన్ల కోసం పైథాన్3-కాన్ఫిగ్‌ని అడిగేటప్పుడు --ఎంబెడ్ తప్పనిసరి. 3.8 నుంచి అది లేకపోతే లిబ్‌పైథాన్ పేరే ఇవ్వదు. లెక్కల లూపులు బరువుగా ఉండి, టైపులు రాసి వేగం పెంచాలనుకుంటే సైథాన్ శ్రమకి ఫలితం ఉంటుంది. లేకపోతే సీఎఫ్‌ఎఫ్‌ఐ చాలు.

లోకల్, గ్లోబల్ చిక్కు

ఇంతా చేశాక కూడా మళ్లీ అన్‌డిఫైన్డ్ సింబల్ రావొచ్చు, ఈసారి వేరే కారణంతో. హోస్ట్ మీ ప్లగిన్‌ని ఆర్‌టీఎల్‌డీ లోకల్‌తో తెరిచిందనుకోండి. డీఎల్‌ఓపెన్‌కి ఏమీ చెప్పకపోతే లినక్స్‌లో అదే వర్తిస్తుంది. అప్పుడు ప్లగిన్‌తో పాటు లోపలికొచ్చిన లిబ్‌పైథాన్ సింబల్స్ కూడా ఆ ప్లగిన్ పరిధిలోనే ఉండిపోతాయి. మీ పైథాన్ కోడ్ ఒక ఎక్స్‌టెన్షన్ మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేస్తుంది. సీఎఫ్‌ఎఫ్‌ఐ బ్యాకెండ్ కావొచ్చు, సీటైప్స్ కావొచ్చు, లెక్కల లైబ్రరీ నంపై కావొచ్చు. అదీ ఒక .ఎస్‌ఓనే. పైన చెప్పుకున్నట్టు అది లిబ్‌పైథాన్‌తో లింక్ అయి ఉండదు, సింబల్స్ గ్లోబల్ పరిధిలో దొరుకుతాయని నమ్మి వస్తుంది. అవక్కడ ఉండవు.

హోస్ట్ కోడ్ మీ చేతిలో ఉంటే గ్లోబల్ ఫ్లాగ్‌తో తెరవడమే పరిష్కారం. లేకపోతే ప్లగిన్‌కి ఒక సన్నటి సీ తొడుగు పెట్టి, పైథాన్ మొదలవ్వకముందే అందులోంచి లిబ్‌పైథాన్‌ని గ్లోబల్ ఫ్లాగ్‌తో మరోసారి డీఎల్‌ఓపెన్ చెయ్యాలి. అప్పటికే లోడైన లైబ్రరీని మళ్లీ తెరిస్తే రెండో కాపీ రాదు, ఉన్నదాని సింబల్సే గ్లోబల్ పరిధిలోకి వస్తాయి. అదే హోస్ట్‌లో ఇంకో ప్లగిన్ వేరే పైథాన్ వెర్షన్‌ని తెచ్చుకుని ఉంటే మాత్రం రెండింటి పేర్లూ ఢీకొంటాయి. దానికి నాకు తెలిసిన మంచి మందు లేదు. అలాంటిచోట విడి ప్రాసెస్ దారికే తిరిగి వెళ్లాలి.

స్టాండర్డ్ లైబ్రరీ ఎక్కడుందో కూడా ఎంబెడ్ అయిన పైథాన్‌కి తెలియాలి. ‘ఎన్‌కోడింగ్స్ అనే మాడ్యూల్ లేదు’ అంటూ మొదట్లోనే ప్రాణం వదిలితే, పైథాన్ ఎక్కడుందో చెప్పే పైథాన్‌హోమ్ వేరియబుల్ తప్పుగా ఉందనో, ఆ వెర్షన్ స్టాండర్డ్ లైబ్రరీ ఆ మెషిన్ మీద లేదనో అర్థం. టెర్మినల్‌లో యాక్టివేట్ చేసిన వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ సర్వర్‌కి తెలిసే దారి లేదు. దాని సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్‌ని ఇనిట్ కోడ్‌లోనే పాత్‌కి కలపాలి.

మెమరీ ఎవరిది?

ఇంటర్‌ఫేస్ ఎంత ఇరుకుగా ఉంటే అంత మంచిది. లోపలికి బైట్లూ వాటి పొడవూ, బయటికి హోస్ట్ ఇచ్చిన బఫరూ దాని సైజూ, తిరిగొచ్చేది ఒక ఇంటిజర్. సున్నా లేదా అంతకన్నా ఎక్కువైతే అవసరమైన బైట్ల సంఖ్య, మైనస్ అయితే ఎర్రర్. బఫర్ చాలకపోతే హోస్ట్ పెద్దది తీసుకుని మళ్లీ పిలుస్తుంది. ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ చేసేది ఇదే. ఇలా పెట్టుకుంటే మెమరీని ఎవరు కేటాయించారు, ఎవరు విడిపించాలి అన్న పేచీ పుట్టనే పుట్టదు.

దీని బదులు లైబ్రరీ లోపలే స్ట్రింగ్ తయారుచేసి పాయింటర్ తిరిగిస్తే ఏమవుతుంది? సీఎఫ్‌ఎఫ్‌ఐలో న్యూతో తీసుకున్న మెమరీ ఆ పైథాన్ ఆబ్జెక్టుతో పాటే పోతుంది. ఫంక్షన్ ముగియగానే ఆబ్జెక్టు పోయి, హోస్ట్ చేతిలో చచ్చిన పాయింటర్ మిగులుతుంది. తక్కువ లోడ్‌లో ఆ చోట పాత బైట్లే ఇంకా ఉంటాయి కాబట్టి టెస్టుల్లో బాగానే కనిపిస్తుంది. గో భాషలో సీస్ట్రింగ్‌తో తయారుచేసింది ఇందుకు తలకిందులు, మ్యాలాక్‌తో తీసుకున్న మెమరీ కాబట్టి ఎవరూ ఫ్రీ చెయ్యకపోతే లీక్ అవుతూనే ఉంటుంది. విండోస్‌లో డీఎల్‌ఎల్‌కీ హోస్ట్‌కీ సీ రన్‌టైమ్‌లు వేర్వేరు కావొచ్చు. అక్కడ తీసుకున్నది ఇక్కడ ఫ్రీ చేస్తే హీప్ పాడవుతుంది. తప్పనిసరై పాయింటర్ ఇవ్వాల్సొస్తే, విడిపించే ఫంక్షన్‌ని కూడా అదే లైబ్రరీ ఎగుమతి చెయ్యాలి.

పొడవుని బైట్లలోనే లెక్కించాలి. ‘అమ్మ’ అనే మాట కంటికి రెండక్షరాలు. యూనికోడ్‌లో అ, మ, పొల్లు, మ అని నాలుగు కోడ్ పాయింట్లు. యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్ల చొప్పున పన్నెండు, చివరి సున్నా బైటుతో పదమూడు. హోస్ట్ 8 బైట్ల దగ్గర కత్తిరించి పంపితే రెండు కోడ్ పాయింట్లు బాగానే వస్తాయి, మూడోది సగంలో తెగుతుంది, డీకోడ్ ఎక్సెప్షన్ విసురుతుంది, పైన చెప్పిన మైనస్ 1 పెట్టకపోతే హోస్ట్‌కి సున్నా వెళ్తుంది. ఇంగ్లీషు వాక్యాలతో మాత్రమే టెస్ట్ చేస్తే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు.

ఇంటిజర్లకి లాంగ్ వాడకండి. 64 బిట్ల లినక్స్‌లో అది 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌లో 4. ఇంట్32, ఇంట్64 అని సైజు పేరులోనే ఉన్న టైపులే వాడాలి.

లింక్ చేసేటప్పుడు

చేత్తో లింక్ చేస్తున్నట్టయితే జీసీసీకి -షేర్డ్, -ఎఫ్‌పిక్ రెండూ ఇవ్వాలి. లైబ్రరీ మెమరీలో ఎక్కడికి లోడవుతుందో ముందు తెలియదు కాబట్టి, కోడ్ ఎక్కడ పెట్టినా నడిచేలా ఉండాలి. ‘-ఎఫ్‌పిక్‌తో మళ్లీ కంపైల్ చెయ్యి’ అని లింకర్ గొణిగినప్పుడు మీరు ఆ ఆప్షన్ ఇచ్చే ఉంటే, మీరు కలుపుతున్న ఏదో .ఏ ఆర్కైవ్ (స్టాటిక్ లైబ్రరీ) అలా కంపైల్ కాలేదన్నమాట. దాన్ని మళ్లీ కట్టాలి, లేదా దాని షేర్డ్ వెర్షన్ వాడాలి.

షేర్డ్ లైబ్రరీలో సింబల్ దొరక్కపోయినా లింకర్ మామూలుగా ఏమీ అనదు, లోడయ్యేటప్పుడు దొరుకుతుందిలే అని ఊరుకుంటుంది. అందుకే లింకర్‌కి -జెడ్ డెఫ్స్ పంపడం అలవాటు చేసుకోవాలి. మధ్యరాత్రి సర్వర్‌లో రావాల్సిన ఎర్రర్ బిల్డ్‌లోనే వస్తుంది. లైబ్రరీ పేర్లు ఆబ్జెక్టు ఫైళ్ల తర్వాతే రావాలి. ఉబుంటులో జీసీసీ --యాజ్-నీడెడ్‌ని తనంతట తానే లింకర్‌కి పంపుతుంది. ఆబ్జెక్టు ఫైలు కన్నా ముందు -ఎల్‌పైథాన్ రాస్తే ‘దీనితో ఇప్పటిదాకా ఎవరికీ పని పడలేదు’ అనుకుని ఆ డిపెండెన్సీని వదిలేస్తుంది.

-ఎఫ్‌విజిబిలిటీ=హిడెన్ పెట్టి, ఎగుమతి చెయ్యాల్సిన మూడు నాలుగు ఫంక్షన్లకే విజిబిలిటీ ఇస్తే, మీ లోపలి ‘ఇనిట్’, హోస్ట్‌లోని ‘ఇనిట్’ కలిసిపోయే ప్రమాదం తప్పుతుంది. చివరికి ఏం బయటికి కనిపిస్తోందో ఎన్‌ఎం -డి కమాండ్ చూపిస్తుంది. అందులో యు అక్షరం ఉన్నవి బయటినుంచి రావాల్సినవి, టి ఉన్నవి మనం ఇస్తున్నవి. ఆ జాబితా మీ హెడర్ ఫైలుతో సరిపోకపోతే అక్కడే ఆగి చూసుకోండి.

తెచ్చి పెట్టాక వచ్చే తగాదాలు

ఫైలు కళ్లముందే ఉంటుంది, అయినా ‘అలాంటి ఫైలు లేదు’ అంటుంది. ఎర్రర్‌లో ఉన్న పేరు మీ లైబ్రరీదేనా, దానికి కావాల్సిన ఇంకోదానిదా అని చూడండి. విండోస్ అయితే ఆ రెండో పేరు కూడా చెప్పదు. ఇంకో మామూలు కారణం, డీఎల్‌ఓపెన్‌కి స్లాష్ లేని పేరు ఇస్తే ప్రస్తుత ఫోల్డర్‌లో వెతకదు. ముందు చుక్క, స్లాష్ పెట్టాలి. ఏది ఎక్కడ వెతుకుతోందో తెలియాలంటే ఎల్‌డీ డీబగ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని ‘లిబ్స్’ అని పెట్టి హోస్ట్‌ని నడిపితే లోడర్ ప్రతి అడుగూ చెబుతుంది. డిపెండెన్సీలు చూపించే ఎల్‌డీడీ కమాండ్ కూడా పనికొస్తుంది గానీ నమ్మకం లేని ఫైళ్ల మీద దాన్ని వాడకూడదు, కొన్ని సందర్భాల్లో అది ఫైలులోని కోడ్‌నే నడపొచ్చు.

తోడు లైబ్రరీలు పక్క ఫోల్డర్‌లో ఉంటే రన్‌పాత్‌లో (లైబ్రరీలని వెతకాల్సిన చోట్ల జాబితాలో) డాలర్ ఆరిజిన్ పెట్టాలి, అంటే ‘ఈ ఫైలు ఉన్న చోటు’ అని. రన్‌పాత్ ఆ లైబ్రరీ నేరుగా అడిగేవాటికే వర్తిస్తుంది. తోడు లైబ్రరీకి మరో తోడు కావాలంటే దాని రన్‌పాత్ దానికి ఉండాలి.

కొత్త మెషిన్ మీద కట్టి పాత మెషిన్‌కి తీసుకెళ్తే ‘జీలిబ్‌సీ 2.34 వెర్షన్ లేదు’ లాంటి మాట వినిపిస్తుంది. లినక్స్‌లోని సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ పాత బైనరీలని కొత్త వెర్షన్ మీద నడవనిస్తుంది, కొత్త బైనరీలని పాత వెర్షన్ మీద నడవనివ్వదు. కాబట్టి మీరు మద్దతివ్వాల్సిన వాటిలో అన్నిటికన్నా పాత సిస్టమ్ మీదే బిల్డ్ చెయ్యాలి. పైథాన్ ప్రపంచంలో మెనీలినక్స్2014 బిల్డ్ కంటైనర్లు జీలిబ్‌సీ 2.17 మీద ఉండేది ఇందుకే. జీలిబ్‌సీ బదులు మజల్ అనే సీ లైబ్రరీ మీద నడిచే ఆల్పైన్ లినక్స్‌కి వేరే బిల్డ్ తప్పదు.

లైబ్రరీని అప్‌డేట్ చెయ్యడంలో ఒక ఉచ్చు ఉంది. నడుస్తున్న సర్వర్ వాడుతున్న .ఎస్‌ఓ మీద సీపీ కమాండ్‌తో కొత్తది రాస్తే, అదే ఐనోడ్‌లోని (డిస్క్ మీద ఆ ఫైలు అసలు రికార్డులోని) బైట్లు మారిపోతాయి. సర్వర్ మ్యాప్ చేసుకున్న కోడ్ దాని కాళ్లకింద మారి, కాసేపటికి ఎక్కడో సంబంధం లేని చోట కూలిపోతుంది. కొత్త ఫైలుని అదే ఫోల్డర్‌లో వేరే పేరుతో పెట్టి, ఎంవీతో పేరు మార్చాలి. పాత ఐనోడ్ సర్వర్ వదిలేదాకా బతికే ఉంటుంది. విండోస్‌లో లోడైన డీఎల్‌ఎల్ మీద రాయనే రాయనివ్వదు, ఈ విషయంలో అదే నయం. మ్యాక్‌లో, ముఖ్యంగా యాపిల్ సిలికాన్ మీద, ఇన్‌స్టాల్ నేమ్ టూల్‌తో పాత్‌లు మార్చాక సంతకం చెల్లకపోతే ప్రాసెస్‌ని సిస్టమే చంపేస్తుంది. కోడ్‌సైన్‌తో మళ్లీ సంతకం పెట్టాలి.

ఇక లైబ్రరీని మూసే డీఎల్‌క్లోజ్. రన్‌టైమ్‌తో వచ్చే లైబ్రరీలకి దాన్ని వాడొద్దనే చెబుతాను. గో 1.5 నుంచి సీ-షేర్డ్ బిల్డ్ మోడ్‌తో చక్కటి .ఎస్‌ఓ, హెడర్ రెండూ ఇస్తుంది, కానీ దాన్ని అన్‌లోడ్ చేసే సదుపాయం లేదు. లోపల దాని త్రెడ్లు నడుస్తూనే ఉంటాయి. పైథాన్‌ని ఫైనలైజ్ చేసి మళ్లీ మొదలుపెడితే నంపై లాంటి మాడ్యూళ్లు సరిగా లేవవు. ఒకసారి లోడైనది ప్రాసెస్ ముగిసేదాకా ఉండనివ్వాలి.

ఫోర్క్ చేసే, అంటే తన నకలు ప్రాసెస్‌లని పుట్టించే, సర్వర్లలో లోడింగ్ ఫోర్క్ తర్వాతే, ప్రతి వర్కర్‌లో విడిగా జరగాలి. ఫోర్క్ అయిన పిల్ల ప్రాసెస్‌లో పిలిచిన త్రెడ్ ఒక్కటే మిగులుతుంది. గో రన్‌టైమ్ తన మిగతా త్రెడ్ల కోసం ఎదురుచూస్తూ అలాగే ఆగిపోవచ్చు. సిగ్నళ్లూ చూసుకోవాలి. మామూలుగా ఇనిషియలైజ్ చేస్తే పైథాన్ సిగ్‌ఇంట్ హ్యాండ్లర్‌ని తనది చేసుకుంటుంది, సర్వర్‌కి కంట్రోల్-సి పనిచెయ్యడం మానేస్తుంది. మీరే ఇనిషియలైజ్ చేస్తుంటే పైఇనిషియలైజ్ఈఎక్స్‌కి సున్నా ఇవ్వడం దీనికి మందు. నిమ్ భాషతో చేసిన లైబ్రరీకి --యాప్:లిబ్ చాలు, రన్‌టైమ్ కూడా తేలికే. --నోమెయిన్ ఇచ్చి కట్టి, హోస్ట్ మొదట నిమ్‌మెయిన్‌ని పిలవడం మర్చిపోతే మాత్రం గ్లోబల్ వేరియబుల్స్ ఖాళీగా ఉండి వింతగా ప్రవర్తిస్తుంది.

లైబ్రరీని అసలు సర్వర్‌కి ఇచ్చే ముందు ముప్పై లైన్ల సీ హోస్ట్ ఒకటి రాసుకోండి. లోకల్, నౌ ఫ్లాగులతో డీఎల్‌ఓపెన్ చెయ్యాలి. నౌ పెడితే దొరకని ఫంక్షన్లు మొదటి కాల్ దాకా దాక్కోకుండా అప్పుడే బయటపడతాయి. విఫలమైతే డీఎల్‌ఎర్రర్ ఇచ్చిన వాక్యం మొత్తం ప్రింట్ చెయ్యాలి. తర్వాత ఖాళీ ఇన్‌పుట్, తెగిన యూటీఎఫ్-8, ఒక బైటు తక్కువున్న బఫర్ పంపి మూడింటికీ సరైన కోడ్ వస్తోందో చూడాలి. మెయిన్ త్రెడ్ కాని ఇంకో త్రెడ్ నుంచి పిలవాలి. లక్షసార్లు పిలుస్తూ మెమరీ గమనించాలి. మొదటి వెయ్యి కాల్స్‌లో పెరిగి నిలిచిపోతే ఫర్వాలేదు, చివరిదాకా పెరుగుతూనే ఉంటే ఎక్కడో ఫ్రీ చెయ్యనిది ఉంది. పైథాన్ ఇన్‌స్టాల్ చెయ్యని ఖాళీ కంటైనర్‌లో ఇదే హోస్ట్‌ని ఒకసారి నడిపితే, లైబ్రరీతో పాటు ఇంకా ఏమేం ప్యాక్ చెయ్యాలో ఎర్రర్ తర్వాత ఎర్రరుగా అదే చెప్పేస్తుంది.